పోతరాజు కళ్లు

"కండ్లు పెట్టను తమ్మీ. నన్ను బతిమాలకు" అన్నాడు కుర్మయ్య, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌ను కొక్కేనికి తగిలిస్తూ.

కాటేదాన్‌లో ఆయన షెడ్డుకు బండి ఇచ్చినవాళ్లందరికీ ఈ పట్టుదల తెలిసిందే. బానెట్ మీద పులిని గీసినా, దేవుణ్ని గీసినా, కనుపాపలు మాత్రం ఓనరే వచ్చి, బండి ముందు నిలబడి, తన వేలితో మీట నొక్కి కొట్టాలి. అప్పటిదాకా బొమ్మ గుడ్డిదే. అదేం శాస్త్రమో ఆయనకే తెలియాలి. అడిగితే, ఓనరు చెయ్యి పడకపోతే బండి వాడిది కాదంటాడు.

షెడ్డులో నల్ల కారు నిలబడి ఉంది. బానెట్ నిండా పోతరాజు. పసుపు మొహం, నుదుట కుంకుమ, పళ్ల మధ్య నిమ్మకాయ. చేతిలోని కొరడా తలుపుల మీదుగా మెలికలు తిరిగి డిక్కీ దాకా పోయింది. అంతా అయింది, కళ్లే తెల్లగా ఉన్నాయి.

"బండి మా తమ్మునిదే అన్నా" అన్నాడు రాఘవేందర్. పాల్మాకుల నుంచి వానలో తడుస్తూ వచ్చాడు. "అరవింద్ రేపు పొద్దున దుబాయ్ నుంచి దిగుతడు. అప్పటికి బండి తయారుండాలె."

"మంచిదే గదా. ఎయిర్‌పోర్టు నుంచి సీదా ఇటే పట్టుకరా. వానితోనే కొట్టిస్త."

"ఇటు రాడన్నా."

"ఎందుకు రాడు? మొన్నటిదాంక ఫోన్ల నా పానం తీసిండు. కొరడా గట్ల కాదు గిట్ల తిప్పు, పసుపు జర ఎక్కువ వెయ్యి అనుకుంట. ఇప్పుడు ఇంత దూరం రానీకి ఏమైతది? ఫోన్ కలుపు, నేనే మాట్లాడ్త."

"కలుస్తలేదన్నా."

కుర్మయ్య నవ్వాడు. "సాహెబ్ అయిండు మీ తమ్ముడు. దుబాయ్ పోయినోళ్లు గంతే. చుట్టం లెక్క వస్తరు, నల్లద్దాలు పెట్టుకొని ఊరంత తిరుగుతరు, మల్ల ఇమానం ఎక్కుతరు. అన్నలేమో వానల తడవాలె."

షెడ్డు మీదుగా విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. రేకులు అదిరాయి. ఆ చప్పుడు ఆగేదాకా రాఘవేందర్ తల ఎత్తే ఉన్నాడు.

"ఈసారి పోడన్నా. ఇగ ఇడ్నే ఉంటడు."

"అవునా? ఏం చేస్తడు ఇడ?"

"భూములు ఎయిర్‌పోర్టుకు పోంగ మాకు జర చెల్క మిగిలింది. అండ్లనే ఉంటడు."

"బుద్ధిమంతుడే అయితే" అన్నాడు కుర్మయ్య. ఆయనకు కాస్త ముచ్చటేసింది.

రాఘవేందర్ పోతరాజు మొహం వైపే చూస్తున్నాడు. "ఊర్ల బోనాలకు పోతరాజు ఎప్పుడూ వాడే. ఈసారి వస్తే నా బండి ముంగట పోవాలె, నేను ఎనుక నుంచి వస్త అన్నడు. గుడ్డి బొమ్మను ఎట్ల తోల్కపోవాలె అన్నా?"

అంత పెద్ద మనిషి అంతగా బతిమాలితే కుర్మయ్య పట్టుదల నిలవలేదు. ఎయిర్‌బ్రష్ తీసి, నల్లరంగు నింపి అతని చేతిలో పెట్టాడు. "ఒక్క తల్లి బిడ్డలే గదా. నువ్వే కొట్టు. వానికి కోపమొస్తే నా పేరు చెప్పు."

రాఘవేందర్ బానెట్ మీదికి వంగి చెయ్యి చాపాడు. కుర్మయ్య ఆ చేతిని తన చేత్తో అదిమి పట్టాడు. ఒక కన్ను పడింది. రెండోది కూడా పడింది. పోతరాజు కళ్లు తెరిచి ఇద్దరినీ చూశాడు. రాఘవేందర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడ్చేశాడు.

తమ్ముడి మీద ఇంత పిచ్చేంది వీనికి అనుకున్నాడు కుర్మయ్య. ఇంకేమీ అనకుండా పైన మెరుపు లక్కర్ కొట్టి, ఆరేందుకు హీటర్ లైట్లు వేశాడు.

మాపటికి వాన వెలిసింది. రాఘవేందర్ బండెక్కాడు.

"రంగు ఇంకా పచ్చిగనే ఉంటది, వాన పదును" అన్నాడు కుర్మయ్య కిటికీలోకి వంగి. "దిగంగనే మీ తమ్ముని చెయ్యి పెట్టనియ్యకు."

"పెట్టడన్నా."

"వాని సంగతి నాకెరుకలే. బొమ్మను చూస్తే ఆగుతడా? అరైవల్స్ కాడ జనం కూడ ఎగబడ్తరు. బండి జర దూరం ఆపు."

రాఘవేందర్ తాళం తిప్పాడు. వైపర్లు ఒకసారి అటూ ఇటూ కదిలాయి.

"అక్కడ ఆపనన్నా. కార్గో గేటు కాడ ఆపుత. వాడు పెట్టెల వస్తున్నడు."