ఎదురింటి కెమెరా

ఇల్లు చూడ్డానికి వచ్చిన ఏడో జంట కూడా బయటికి రాగానే ఎదురింటి గేటు దగ్గర ఆగింది.

ఆ ఇంటి ముసలావిడ గేటు పట్టుకుని వాళ్ళతో పావుగంట మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు ఇటువైపు వేలు చూపించింది. వాళ్ళు తలలూపి వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోన్ కూడా చెయ్యలేదు.

"చూశావా? మన కొంప ముంచేది ఆ సీసీ కెమెరానే," అన్నాడు ఇల్లు అమ్ముతున్నతను భార్యతో.

ఆ పేరు అతను పెట్టిందే. పొద్దస్తమానం వరండాలో కుర్చీ వేసుకుని సందంతా కనిపెట్టుకుని ఉండే మనిషికి అంతకన్నా మంచి పేరు అతనికి తట్టలేదు.

జెరాక్సు షాపులో పని మానేసి ఈ వ్యాపారంలోకి దిగాడతను. పాడుబడ్డ ఇల్లు చవగ్గా కొనాలి, బాగుచెయ్యాలి, లాభానికి అమ్మాలి. ఫోన్‌లో వీడియోలు చూస్తే పదిహేను నిమిషాల్లో అయిపోయే పని.

ఇతనికి ఆరు నెలలు పట్టింది. కూలీలని పెట్టే స్తోమత లేక మొగుడూపెళ్ళాలే గోడలు గీకారు, లప్పం పెట్టారు, రంగులేశారు. టైల్స్ మూడుసార్లు వేసి రెండుసార్లు పీకారు. భార్య నగలన్నీ ఆ గోడల్లోకే వెళ్ళిపోయాయి. నెలాఖరులోగా అమ్ముడుపోకపోతే ఫైనాన్సువాడు వచ్చి తాళం వేసుకుంటాడు.

ఇల్లు చూస్తే సందు చివర. గేటుకి 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు కట్టాడు. బోర్డు బాగానే పనిచేస్తోంది, జనం వస్తున్నారు, వచ్చినవాళ్ళని ఆవిడ చెడగొడుతోంది. అతనికి అర్థమైంది అదీ.

"మొదట్లో మనకి నీళ్ళిచ్చింది ఆవిడేనండీ," అంది భార్య.

నిజమే. ఈ ఇంటికి నీళ్ళ కనెక్షన్ వచ్చేదాకా సిమెంటు కలిపిందీ, గోడలు తడిపిందీ ఆవిడ వాకిట్లో కుళాయి నీళ్ళతోనే.

"అప్పుడు నీళ్ళు పోసింది, ఇప్పుడు నిప్పులు పోస్తోంది," అన్నాడతను.

ఒకరోజు మొహం మీదే అడిగేశాడు, వచ్చినవాళ్ళతో ఏం చెబుతున్నావని.

"నీ గురించే నాయనా," అందావిడ నవ్వుతూ.

ఆ నవ్వు చూసి అతనికి ఒళ్ళు మండింది.

ఇస్త్రీ అతని దగ్గర ఆవిడ కొడుకు నంబరు సంపాదించాడు. కొడుకు ఉండేది వేరే ఊళ్ళో. మీ అమ్మగారికి మతి తప్పుతోందని, పొయ్యి మీద గిన్నెలు మాడ్చేస్తోందని, కుళాయి కట్టడం మరిచిపోతోందని, దారినపోయేవాళ్ళని ఆపి ఏదేదో మాట్లాడుతోందని ఆ కొడుక్కి ఫోన్‌లో చెప్పాడు. చివరిదొక్కటీ కొంచెం నిజం కాబట్టి మిగతావీ నిజంలాగే వినిపించాయి.

"ఎదురుగా ఉండి చూస్తూ ఊరుకోలేక చెబుతున్నాను అన్నయ్యా," అని గొంతు కూడా తగ్గించాడు.

శుక్రవారం వస్తున్నానన్నాడు కొడుకు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అతను కిటికీ ఊచలకి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. ఊళ్ళోకి వచ్చేశానని కొడుకు ఫోన్ చెయ్యగానే కుంచె కింద పెట్టి, ఎదురింటి వాకిట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా విప్పేసి వచ్చాడు. ఆవిడ లోపల నిద్రపోతోంది.

కొడుకు కారు దిగేసరికి నీళ్ళు గేటు దాటి సందులో పారుతున్నాయి. అతనూ ఏమీ ఎరగనట్టు వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు.

"నేను కట్టేశాను నాన్నా," అంది ఆవిడ, చప్పుడుకి లేచి వచ్చి.

"అన్నీ కట్టేశావులే అమ్మా. పద, బట్టలు సర్దుకో."

వృద్ధాశ్రమంలో ముందే మాట్లాడి వచ్చాడట.

ఆవిడ కుళాయి కట్టబోయి ఆగింది. పిడి మీద ఆకుపచ్చ రంగు, ఇంకా ఆరలేదు. తలెత్తి ఎదురింటి కిటికీని చూసింది. తర్వాత అతని వేళ్ళని చూసింది. అతను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆవిడ కుళాయి కట్టేసింది. ఆ రంగు ఆవిడ అరచేతికీ అంటుకుంది.

కారెక్కే ముందు అతన్ని దగ్గరికి పిలిచింది. అందరిముందూ కడిగేస్తుందనుకున్నాడు.

"ఆదివారం ఎక్కడికీ వెళ్ళకు నాయనా. ఇంట్లోనే ఉండు."

"చూశారుగా, ఇలాగే ఏదో ఒకటి అంటుంటారు," అన్నాడతను కొడుకుతో, జాలిపడుతూ.

కారు వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఒక జంట వచ్చింది. భార్యకి నెలలు నిండుతున్నాయి. ఇద్దరూ ముందు ఎదురింటి గేటు దగ్గరికి వెళ్ళి, తాళం చూసి, ఇటు వచ్చారు. ఇల్లంతా తిరిగి చూశారు. ధర తమకి తెలుసన్నారు, అడ్వాన్సు తెచ్చామన్నారు. అతని భార్య గబగబా కుర్చీలు తుడిచి వేసింది.

"ఎదురింటి టీచరమ్మ ఊరెళ్ళారా?" అని అడిగింది నెలల మనిషి, కూర్చుంటూ.

అడ్డు తొలగిందన్న హుషారులో అతను అంతా చెప్పేశాడు. ఆవిడకి మతి పోయిందని, ఆశ్రమంలో పెట్టేశారని, ఇక ఎదురింటి గోల మీకేమీ ఉండదని.

ఆమె లేచి, భర్త ఒళ్ళో ఉన్న సంచి జిప్పు తనే వేసేసింది. ఇద్దరూ బయటికి నడిచారు.

"ధర తగ్గిస్తానండీ. మీరెంతంటే అంత," అంటూ అతను గేటుదాకా వెంటపడ్డాడు.

ఆమె ఆగి, ఎదురింటి తాళంవైపు చూస్తూ చెప్పింది.

"ధర కాదండీ. నాకు అమ్మ లేదు. బిడ్డ పుడితే ఎదురింట్లో ఆవిడ ఉంటారన్న ధైర్యంతోనే ఈ ఇల్లు అనుకున్నాం. ధర ఎక్కువని మావాళ్ళంతా జారుకుంటుంటే, మొగుడూపెళ్ళాం చేతులు పుండ్లు పడేలా పనిచేశారు, బేరమాడకండని ఆ గేటు దగ్గరే ఒక్కొక్కళ్ళతో పోట్లాడారు ఆవిడ."

"మావాళ్ళంటే?" అన్నాడతను.

"ఇదివరకు మీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళండీ, అందరం ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళమే, అందరికీ ఫోన్ చేసి పంపింది ఆవిడే... మీకు చెప్పలేదా?"