మూడో మెట్టు

“మీ బొమ్మ కదులుతుందా, నన్ను సంతకం పెట్టేయమంటారా?” అన్నాడు మేనేజరు, కాఫీ కప్పు అందుకుంటూ. “ఈ కాఫీ అయ్యేదాకా చూస్తాను. అంతే.”

కంట్రోల్ రూములో తెర ముందు కూర్చున్న ఆమె గబుక్కున తలెత్తింది. డ్రైవరు లేకుండా నడిచే తమ కంపెనీ కారు రేపు రోడ్డెక్కుతుంది. ఒక్క పరీక్ష మిగిలిపోయింది: రోడ్డు దాటుతున్న మనిషి సగంలో ఆగి వెనక్కి తిరిగితే?

“అలా ఎవరు తిరుగుతారమ్మా?”

“అందరూ తిరుగుతారు సార్. చేతిలో తాళాలు జారితే తిరగరా? వెనక నుంచి పిల్లాడు పిలిస్తే తిరగరా?”

ప్రతి పరీక్షనూ మూడు మెట్లుగా రాయడం ఆమె ఉద్యోగం. మొదటి మెట్టులో అన్నీ మాటలే: “వానలో కారు నెమ్మదిగా వస్తుంది, మనిషి వెనక్కి తిరుగుతాడు.” రెండో మెట్టులో హద్దులు: వేగం ఇరవైకీ ముప్పైకీ మధ్య. మూడో మెట్టులో ఒకే ఒక అంకె, కారుకు తప్ప ఇంకెవరికీ అక్కరలేనిది. పరీక్షల మైదానంలో ఆమె భర్త మనిషంత బొమ్మల్ని మోటారుతో కాళ్లూ చేతులూ ఆడించి నడిపిస్తాడు. ఆఫీసంతా ఆయన్ను బొమ్మల మేస్త్రి అంటుంది. ఆయనకు మొదటి మెట్టు కాగితం చాలు.

ఆమె వాకీటాకీ అందుకుంది. “ఏమండీ, ఏమైంది?”

“మోటారు మొరాయిస్తోంది. పొద్దున్నుంచీ బతిమాలుతున్నా, అలిగిన అల్లుడిలా కూర్చుంది.”

“ఇక్కడ సార్ పరీక్ష లేకుండానే సంతకం పెట్టేస్తానంటున్నారండీ! రేపు ఎవరి ప్రాణమో పోతే?”

మామూలు రోజుల్లో గంటసేపు సాగే మేనేజరు గారి కాఫీ ఇవాళ గుక్కల్లో దిగిపోతోంది. అవతల పానా కింద పడేసిన చప్పుడు వినిపించింది.

“కంగారు పడకు. దాటించే పూచీ నాది. నువ్వు కారు వదులు.”

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మైదానంలో పైన గొట్టాల నుంచి ఉత్తుత్తి వాన మొదలైంది. తెరమీద, దూరంగా, టోపీ రెయిన్‌కోటులో బొమ్మ రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఆమె వేగం దగ్గర ముప్పై కొట్టింది.

మేనేజరు తొంగిచూసి నవ్వాడు. “ముప్పైలో అయితే తోపుడుబండి కూడా ఆగుతుందమ్మా. ఈ మాత్రానికేనా ఇంత రభస?”

ఆమెకు ఒళ్లు మండింది. ముప్పై చెరిపి అరవై కొట్టింది. పై రెండు మెట్లూ తర్వాత దిద్దుకోవచ్చు.

“మైదానంలో వాళ్లకు చెప్పవద్దూ?”

“పోతే బొమ్మ పోతుంది సార్. దానికి చెప్పాలా ఏమిటి!”

కారు దూసుకొచ్చింది. బొమ్మ నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగింది. బ్రేకులు కీచుమన్నాయి. నీళ్లు ఎగజిమ్మి తెరంతా తెల్లబడింది. మళ్లీ కనబడేసరికి కారు బొమ్మకు జానెడు దూరంలో ఆగి ఉంది.

“శభాష్!” మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆమె కళ్లు చెమర్చాయి. ఇక రేపు ఎవరికీ ఏమీ కాదు.

బొమ్మ మాత్రం పక్కకు చేరకుండా అక్కడే బిగుసుకుపోయింది. మళ్లీ మొరాయించినట్టుంది అనుకుని, నవ్వుతూ వాకీటాకీ నొక్కింది. “ఏమండీ, గెలిచాం! ఇంతకీ మోటారును ఎలా లొంగదీశారు?”

వాకీటాకీలో వాన చప్పుడు వినిపించింది. దాని మధ్య ఆయన గొంతు.

“నెమ్మదిగా వచ్చే కారేగా అని, నేనే నడిచాను.”