రెండో వాచ్‌మన్

"పాప క్షేమంగా పుట్టిందంటే అంతా నా కాపలా వల్లేనండి!" అన్నాడు వాచ్‌మన్, ఆసుపత్రి ల్యాబ్‌లో మీసం మెలేస్తూ.

కడుపుతో ఉన్న భార్యకి వైరస్ జ్వరం వచ్చి తగ్గింది మొదలు, అతను గది గుమ్మంలో లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. సొంత అత్తగారినే "ఎవరు కావాలండీ?" అని ఆపి, చేతులు కడిగించి మరీ లోపలికి పంపాడు.

"మరి ఆవిడకి ఆ జ్వరం ఎవరు అంటించారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మీసం మీది చెయ్యి కిందికి దిగింది. "నేనేనండి. ఒక్కసారే తుమ్మాను."

డాక్టరమ్మ బల్ల మీది డబ్బా మూత తీసింది. లోపల, కడుపులో తల్లికీ పాపకీ మధ్య అడ్డుగా ఉండి, పాప వెనకాలే బయటికొచ్చిన మావి ఉంది.

"ఈ తెల్లమచ్చలు చూశారా? వైరస్ ఇక్కడిదాకా వచ్చేసింది. ఇది వాచిపోయింది, అక్కడక్కడా రాయిలా గట్టిపడింది, అయినా పాపదాకా పోనివ్వలేదు. ప్రతిసారీ ఇలా ఆపగలదని లేదు బాబూ."

గేటు దగ్గర డ్యూటీ మారేటప్పుడు, దిగేవాడికి ఎక్కేవాడు సెల్యూట్ కొట్టాలి. వాచ్‌మన్ టోపీ సర్దుకుని, మడమలు కలిపి, ఆ డబ్బాకి గట్టిగా సెల్యూట్ కొట్టాడు.

"అన్నా, ఇంక నువ్వెళ్ళి పడుకో. ఇప్పట్నుంచి డ్యూటీ నాది."

అని, జేబులోంచి మాస్కు తీసి, ముందు తన మూతికే కట్టుకున్నాడు.