చెంబెడు పసుపు నీళ్లు

సీతాలు ఆ పొద్దున బురుజుపేట వెళ్లింది అమ్మవారికి మొక్కుకోవడానికి కాదు, పోట్లాడ్డానికి.

చేతిలో కొబ్బరికాయ లేదు, పసుపు లేదు. తల దువ్వుకుని రెండు రోజులైంది.

వాయుగుండమని కబురు రాగానే బోట్లన్నీ హార్బరుకి వచ్చేశాయి, ఒక్క 'గంగమ్మ తల్లి' తప్ప. సీతాలు పెనిమిటి దొరబాబు ఆ బోటు మీదే ఉన్నాడు. ఫోను చేస్తే మోగదు. అడిగితే ఎవరూ మొహంలోకి చూడరు.

గుడి దగ్గర క్యూ మెల్లగా కదులుతోంది. ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది.

"ఏటే గుంటా, ఉత్త సేతుల్తో వొచ్చీసినావు?"

రూపాయి కాసంత బొట్టు, తలనిండా మల్లెపూలు, చేతిలో పసుపు నీళ్ల చెంబు. పేరంటానికి బయల్దేరిన మనిషిలా ఉంది. సీతాలుకి ఒళ్లు మండిపోయింది.

"ఇవ్వడానికి రానేదు పెద్దమ్మా. అడగడానికొచ్చినాను."

"ఏటడుగుతావు?"

"నా మనిషినేటి సేసినావని అడుగుతాను! ఇన్నేళ్లు పోసిన పసుపు నీళ్లన్నీ ఏటయిపోనాయని అడుగుతాను!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. పెద్దావిడ మాత్రం నవ్వింది.

"అడుగు. గట్టిగా అడుగు. నెత్తిన కప్పయినా లేకండా ఎండకీ వానకీ నిలబడిన తల్లి, నీ తిట్లకి బయపడిపోద్దేటి? అమ్మ కాడ గాకపోతే ఇంకెవులి కాడ ఏడుస్తావు?"

ఆ నవ్వు చూసి సీతాలుకి ఇంకా రేగింది.

"నీకేటి తెలుస్తాది! పువ్వులెట్టుకుని కులాసాగా వొచ్చినావు. నీ కొడుకు ఈ గాలిలో సముద్రం మీదుంటే అప్పుడు తెలుస్తాది!"

అనేశాక తనే నాలిక్కరుచుకుంది.

పెద్దావిడ చెయ్యి ఒక్కసారి తల్లో పూల మీదికి వెళ్లింది. కోపం రాలేదు ఆవిడకి.

"ఏ బోటే మీది?"

"గంగమ్మ తల్లి."

"నీ మనిషి పేరేటి?"

"దొరబాబు."

ఆ గుడిలో ఎవరి చేత్తో వాళ్లే అమ్మవారికి పోసుకోవచ్చు. తన వంతు రాగానే ఆవిడ పక్కకి జరిగి, చెంబు సీతాలు చేతిలో పెట్టేసింది.

"దొరబాబు పేరు సెప్పి పొయ్యి."

"మరి నీదో?"

"నాదీ అందులోనే ఉందిలే. పొయ్యవే."

సీతాలు పోసింది. తిడదామని దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "అమ్మా" అంది, అంతే. ఆ తల్లి ముందు కూలబడి, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

వెనకవాళ్లు తోసుకొస్తుంటే పెద్దావిడ కసిరింది. "ఆగండెహె! తల్లితో మాటాడుకుంటంది."

ఏడ్చి ఏడ్చి లేచేసరికి సీతాలుకి గుండె తేలికపడింది. దొరబాబు కబురు ఇంకా తెలీదు. అయినా ఆ బరువు తనొక్కతే మోయక్కర్లేదనిపించింది. గడప దాటి, ఎవరో పెట్టిన ప్రసాదం ఆబగా తినేసింది.

చెంబు ఇద్దామని చూస్తే పెద్దావిడ లేదు. అయ్యో, పేరైనా అడగలేదు!

సాయంత్రం హార్బరులో ఒకటే కేకలు. ఇంజను పాడై కొట్టుకుపోయిన 'గంగమ్మ తల్లి'ని ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. దొరబాబు దిగాడు. గెడ్డం మాసి, పెదాలు పగిలి, కానీ నిక్షేపంగా దిగాడు. సీతాలు జనం చూస్తున్నారని కూడా చూడకుండా అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

"ఈడు రాకపోతే మేం లేమే" అంటూ దొరబాబు పక్క బోటు డ్రైవరుని చూపించాడు. గవర్రాజట, వేరే పేట మనిషి. సీతాలు పొద్దుట్నుంచీ వదలని చెంబు కింద పెట్టి అతనికి రెండు చేతులూ జోడించింది.

గవర్రాజు ఆ చెంబుకేసే చూస్తున్నాడు.

"ఇది మా అమ్మది గదా! నీ సేతికెలాగొచ్చింది వొదినా?"

పొద్దున గుళ్లో జరిగింది సీతాలు చెప్పింది.

"దండాలు నాక్కాదు, మా అమ్మకెట్టు" అన్నాడు గవర్రాజు. "ఈ గాలికి నాను ఎల్లనంటే ఎల్లనన్నాను వొదినా, తెల్లారకుండానే తలనిండా పువ్వులెట్టుకుని నాకు ఎదురొచ్చి, ఆ బోటు దొరక్కుండా ఇంటికి రావొద్దని తోలీసి, పసుపు నీళ్లు కలుపుకుని బురుజుపేట ఎల్లిపోయింది మా అమ్మ."