ముఖమే తాళంచెవి

దేవరాజులుకు ఏళ్ల తరబడి ఒక సందేహం. కొండమీద గర్భగుడి ముందు మనిషికి దొరికేది అర క్షణం. చేతులు జోడించేలోపే "జరగండి, జరగండి" అని పక్కకు తోసేస్తారు. ఆ అర క్షణంలో, అంత గుంపులో, ఫలానా దేవరాజులు వచ్చిపోయాడని స్వామికి ఎట్లా తెలుస్తుంది?

ఆ సాయంత్రం మాత్రం ఆయన గుబులంతా కంప్యూటర్ మీదే ఉంది.

"ఏం మామా, కొత్తది ఎక్కించేదా, వద్దా? వచ్చినకాడి నుంచి సూస్తా ఉండా, గది చుట్టూ తిరగతానే ఉండావు," అంది బావమరిది కూతురు లోహిత. కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో ఆమెకు ఉద్యోగం.

దేవరాజులు ఇంటి ముందుగదిలోనే కూర్చుని తిరుపతి అంగళ్లవాళ్లకు జీఎస్టీ లెక్కలు కట్టి పంపుతాడు. ఈ నెలవి పంపడానికి రేపే ఆఖరు. సగంమంది బిల్లులు రేపు పొద్దునకు గాని రావు. పాత సాఫ్ట్‌వేర్ చూస్తే ఈ రాత్రితో ఆగిపోతుంది. ఆ సంగతి తెర మీద నెల నుంచి కనబడుతూనే ఉంది. ఆయన "తర్వాత" అని నొక్కుతూనే ఉన్నాడు.

"ఎక్కించినాక లెక్కలు పోతే?"

"పోవు."

"పోతే?"

"ఎక్కించకపోతే రేపు ఎట్లా పంపిస్తావు? అందరికీ జరిమానా పడుతుంది. మళ్లా నీ గడప ఎవరు తొక్కుతారు?"

వంటింట్లోంచి నాగరత్నమ్మ అందుకుంది. "మీ మామకు తర్వాత అనేది ఊతపదంలే. ఈ పని మొదలుపెట్టిన రోజు తలా మీసమూ ఇస్తానని స్వామికి మొక్కుకున్నారు. అడిగితే, కొండ కిందే ఉండాము గదా, ఎప్పుడన్నా పోవచ్చు అంటారు. యాడాడి జనమూ వచ్చి గుండ్లు కొట్టించుకొని పోతా ఉండారు. ఈయనకే తీరిక లేదు."

"ఎక్కించు," అన్నాడు దేవరాజులు, భార్య మాట తెంచడానికి.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. అది ఆగినాక చూస్తే ఒక్క అంగడి పేరూ లేదు. తెర తెల్లగా ఉంది. లోహిత తెరకు దగ్గరగా వంగి మీటలు నొక్కుతూ ఉంది. దేవరాజులు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి వాకిట్లోకి పోయి కొండ వైపు తిరిగి పైకే అనేశాడు.

"స్వామీ, నా లెక్కలు నాకు తిరిగొస్తే తెల్లారేసరికి నీ కొండమీద ఉంటా. పాత బాకీ తీర్చేస్తా."

"వచ్చినాయి మామా," లోపలి నుంచి లోహిత. "నిదానంగా వస్తా ఉండాయి, అంతే. ఇట్లా కూసో. ముఖం సూపించు."

"ముఖమెందుకు?"

"దీనికి పాస్‌వర్డు లేదు. నీ ముఖమే తాళంచెవి. నువ్వని తెలిస్తేనే తెరుస్తుంది."

కెమెరా ముందు ఆయన ముఖాన్ని కుడికీ ఎడమకీ తిప్పించింది. సంచి సర్దుకుంటూ ఆగింది.

"వాకిట్లో నీ మొక్కు విన్నాలే మామా. రేపొక్కరోజు గుండు గిండు కొట్టించుకోవాకు. ముఖం మారితే ఇది పోల్చుకోదేమో. అప్పుడు కంపెనీకి రాసుకోవాల, రెండు దినాలు పడుతుంది. నేనా, పొద్దున్నే చెన్నైకి పోతా ఉండా."

ఆమె వెళ్లాక దేవరాజులు భార్య వైపు చూశాడు. "ఎల్లుండి పోతే?"

"నన్నెందుకు అడుగుతారు? తెల్లారేసరికి అని నాతో అన్నారా?"

ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే కొండ బస్సెక్కాడు.

కల్యాణకట్టలో క్షురకుడు తల నున్నగా చేసి కత్తి ఆపాడు. "మీసం ఉంచేదా, తీసేదా అన్నా?"

దేవరాజులుకు కెమెరా గుర్తొచ్చింది. మీసమొక్కటన్నా మిగిలితే తన ముఖం కొంచెమన్నా తన ముఖంలా ఉంటుంది. చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోయింది.

"తీసెయ్యప్పా," అన్నాడు చెయ్యి దించి. "ఇన్నేళ్లకు తీరుస్తా ఉండా. దాంట్లో కూడా సగం ఎగ్గొట్టేదా?"

దర్శనం వరుసలో నిలబడే వ్యవధి లేదు. మహాద్వారం బయటి నుంచే దండం పెట్టుకున్నాడు. ఈసారి ఆ అర క్షణమూ లేదు. బాకీ తీరిందని స్వామికి ఎవరు చెప్తారు? అదే అనుకుంటూ దిగే బస్సెక్కాడు.

వీధి మొదట్లో, రోజూ ఆయనకు టీ కలిపి ఇచ్చే మునిశేఖర్ అంగట్లోంచి తల బయటపెట్టి, "యాడికి పోవాల స్వామీ, లాడ్జి కావాల్నా?" అన్నాడు. పక్కింటి అక్కమ్మ గేటు దగ్గరే ఆపేసింది. "ఎవరు కావాలప్పా? దేవరాజులు కొండకు పోయినాడే." తలుపు తీసిన నాగరత్నమ్మ సైతం "ఎవరూ..." అంటూ ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వొచ్చిందా?"

"రాదా మరి?" అంది ఆమె, ఇంకా నవ్వుతూనే.

దేవరాజులుకు నవ్వు రాలేదు. రోజూ చూసేవాళ్లే పోల్చుకోలేదు. నిన్న ఒక్కసారి చూసిన పెట్టె పోల్చుకుంటుందా? బల్ల మీద అంగళ్లవాళ్లు ఇచ్చిపోయిన బిల్లులు దొంతరగా ఉన్నాయి. ఎవరో ఫోన్ చేస్తూనే ఉన్నారు. గుండు మీద చందనం ఇంకా తడిగానే ఉంది. తుడిచేద్దామా అనుకుని, మనసొప్పక ఊరుకున్నాడు. కుర్చీలో కూర్చుని, మీట నొక్కి, ముఖం ఎత్తాడు.

తెర తెరుచుకుంది. అర క్షణం కూడా పట్టలేదు.