కొలవని ఎత్తు

“ఎవరూ ముట్టుకోకూడదు. కళ్ళతో చూసి చెప్పండి, ఈవిడ ఎత్తెంత?” అంది ఎదిల్మా.

మంచం మీదున్నది బొమ్మ. నోట్లో గొట్టం, మెడదాకా దుప్పటి. చుట్టూ పన్నెండు మంది థెరపిస్టులు, తున్హా ఊళ్ళోని ఆసుపత్రుల్లో ఊపిరి మిషన్లు చూసుకునేవాళ్ళు; ఎదిల్మా దగ్గరికి రావడం అందరికీ ఇదే మొదటిసారి. ఏడాదికోసారి ఈ శనివారం క్లాసుకొచ్చి తెలిసిన పాఠమే మళ్ళీ దిద్దుకుంటేగాని వాళ్ళని ఐసీయూ గడప తొక్కనివ్వరు.

“నూట డెబ్భై సెంటీమీటర్లు,” అన్నాడు విల్మార్, జున్ను రొట్టె నములుతూనే.

“నూట అరవై ఎనిమిది,” అంది యమిలే. ముప్పై దాటాక కుట్టుమిషను అమ్మేసి ఈ చదువులో చేరిన మనిషి. “పదేళ్ళు బట్టలు కుట్టిన కన్ను మేడమ్ ఇది. రాసిపెట్టుకోండి.”

“నువ్వు కుట్టిన గౌనేగా అక్కా, మా పెళ్ళిలో రెండో పాటకే చిట్లింది?” అన్నాడు విల్మార్.

“మీ ఆవిణ్ణి పెళ్ళికి ముందు పందిమాంసం కాస్త తగ్గించమని చెప్పానా లేదా? దారాన్నంటావేంరా!”

అందరూ గొల్లుమన్నారు. ఎదిల్మా కూడా నవ్వుతూనే కాళ్ళవైపు నుంచి దుప్పటి లాగేసింది. బొమ్మ పాదాలు వాళ్ళు అనుకున్నచోట లేవు, జానెడు పైనే ఆగిపోయాయి. మిగిలిన జాగాలో మూడు మడతలేసిన గోధుమరంగు ఉన్ని రువానా ఉంది. చలికి జనం భుజాల మీంచి కప్పుకునేదే.

“నూట యాభై కూడా లేదు బొమ్మ. మీ కళ్ళు చూసింది మనిషిని కాదు, దీన్ని,” అంది ఎదిల్మా.

విల్మార్ రొట్టె పక్కన పెట్టేశాడు, ఎదిల్మా చెప్పుకుపోయింది.

“మిషను ఎంత గాలి కొట్టాలో చెప్పేది ఎత్తు. పొట్ట పెరిగిందని ఊపిరితిత్తులు పెరగవు. తొమ్మిదేళ్ళ కిందట, జూన్‌లో, నాలుగో మంచానికి ఒకావిడ వచ్చింది. న్యుమోనియా. దుప్పటి కింద, పాదాల దగ్గర ఇలాగే రువానా మడత. డ్యూటీలో ఉన్న థెరపిస్టు టేపు తియ్యడానికి బద్ధకించి, కంటిచూపుతో నూట డెబ్భై అని వేసింది. ఒక్కో ఊపిరికి నాలుగొందల తొంభై మిల్లీలీటర్లు. నాలుగో రోజుకి ఊపిరితిత్తి చిరిగింది. ఆరో రోజుకి మంచం ఖాళీ.”

ఎనిమిదేళ్ళుగా ప్రతి క్లాసులోనూ చెబుతున్న మాటలే ఇవి. ఆ థెరపిస్టు తనేనన్న మాట మాత్రం ఎదిల్మా నోరు దాటలేదు. ఆ రువానా కూడా ఆ రోగిదే. దాన్ని అడగడానికి ఎవరూ రాలేదు, పారెయ్యడానికి ఈవిడకి చేతులు రాలేదు.

“ఆవిడ అసలు ఎత్తెంత మేడమ్?” అడిగాడు విల్మార్.

“ఎవరూ కొలవలేదు. ఫైల్లో లేదు.” ఎదిల్మా బొమ్మ మీద దుప్పటి సర్దింది. “నూట అరవై అయిదుంటే తప్పు చిన్నదే. ఆ థెరపిస్టు రాత్రిళ్ళు కాస్త నిద్రపోవచ్చు. నూట యాభై దగ్గరైతే మాత్రం, రోజుకి పాతికవేల సార్లు సాగదీసి సాగదీసి చంపినట్టే.”

“ఆ కళ్ళులేనిదాని సంగతి సరే. దుప్పటి కింద ఇది దూర్చిన తెలివితక్కువ వాళ్ళెవరంట?” అన్నాడు విల్మార్.

“ఇంటివాళ్ళే ఎవరో. నర్సుని బతిమాలుకుని పెట్టుంటారు.”

తన వంతు వచ్చినప్పుడు యమిలే బొమ్మని తల నుంచి మడమ దాకా టేపుతో మూడుసార్లు కొలిచింది. మిషను మీద అంకెలు సరిగ్గానే వేసింది. విల్మార్ ఏదో వేళాకోళమాడితే వినిపించుకోలేదు.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్ళిపోయారు. యమిలే ఒక్కతే మంచం దగ్గర నిలబడి, ఎవరూ చెప్పకుండానే రువానాని మూడు మడతలేసింది. కొసన ఎర్రదారంతో వేసిన కుట్టు మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

“వెళ్ళి వేడిగా బెల్లంనీళ్ళన్నా తాగమ్మా. మొహం పాలిపోయింది,” అంది ఎదిల్మా.

“ఇన్నేళ్ళు దీన్ని మీరెందుకు దాచారు మేడమ్?”

అబద్ధమాడదామనే అనుకుంది ఎదిల్మా. ఆ కళ్ళు చూశాక చేతకాలేదు.

“ఆ కళ్ళులేనిది నేనే కాబట్టి. పక్క మంచానికి పరుగెత్తాలన్న తొందరలో అంకె వేసేశాను. ఆవిడ ఎత్తెంతో తెలిస్తే చాలు, నేను చంపానో లేదో తేలిపోతుంది. తొమ్మిదేళ్ళుగా అదొక్కటే అడుగుతున్నా దేవుణ్ణి. చెప్పడు.”

“నూట యాభై ఒకటి,” అంది యమిలే.

“ఏంటి?”

“ఆవిడ ఎత్తు.”

“ఫైల్లోనే లేనిది నీకెలా తెలుసు?”

“శవపేటిక చేసే ఆయన టేపు మర్చిపోయి వచ్చాడు. నా టేపే ఇచ్చాను.”

ఎదిల్మా మంచం పట్టుకుని, బొమ్మ పక్కనే కూలబడింది. నూట యాభై ఒకటి. లెక్క వెయ్యనక్కర్లేదు, తొమ్మిదేళ్ళుగా ప్రతి అంకెకీ లెక్క వేసిపెట్టుకునే ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. తలెత్తి చూడలేకపోయింది.

“తిట్టమ్మా. నోటికొచ్చినట్టు తిట్టు. కొట్టినా పడతాను. నీ తల్లిని…”

యమిలే వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. రువానాని రెండు చేతులా గుండెలకి అదుముకుంది.

“అమ్మ కాళ్ళు చల్లబడ్డాయని దీన్ని పెట్టింది నేనే మేడమ్.”