తెర మీది చుక్క

"ఒక్కసారి ఆగండి సార్. మొన ముక్కు దూలానికి ఆనించి చూపించండి."

ఆపరేషన్ సగంలో ఉంది. డాక్టరు గారి వెనక ఆరుగురు విద్యార్థులు మెడలు సాచి తెర వైపే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే మిషన్ దగ్గర నిలబడ్డ టెక్నీషియన్ ఆ మాట అన్నాడు.

డాక్టరు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మిషన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ముక్కులోంచి సన్నటి పరికరం పంపి సైనస్ గదులు శుభ్రం చేస్తున్నప్పుడు, దాని మొన ఎక్కడుందో ముందే తీసిన స్కాన్ బొమ్మ మీద చుక్క పెట్టి చూపిస్తుంది. ఆ గదులకి ఒక పక్క కన్ను, పైన మెదడు. మధ్య గోడ ఉల్లిపొరంత. రోగి నుదుటికి కట్టిన పట్టీని బట్టి మిషన్ లెక్క కడుతుంది. పట్టీ జారితే చుక్క అబద్ధం చెబుతుంది. చెప్పేది అబద్ధమని మాత్రం చెప్పదు. అందుకే తెలిసిన ఎముక మీద మొన ఆనించి, తెర మీద చుక్క కూడా అక్కడే ఉందో లేదో చూసుకోవాలి.

మొదట్లో ఓసారి చూసుకుంటే చాలని డాక్టరు గారి నమ్మకం. పది నిమిషాలకోసారి చూడాలని టెక్నీషియన్ పట్టు. నాలుగేళ్లుగా ఇదే నస. థియేటర్లో అందరూ అతనికి 'ఒక్కసారి' అని పేరే పెట్టేశారు. ఆ పేరుతో పిలిచినా పలికేవాడు, పాపం.

ఆ రోజు డాక్టరు గారు పళ్లు కొరుకుతూ మొన ఆనించారు. చుక్క ఉండాల్సిన చోటే ఉంది. విద్యార్థుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు ఖరీదు అతని ఉద్యోగం. మీట నొక్కడానికి ఒక మనిషి దండగనీ, ఆ పని నర్సు చేస్తుందనీ డాక్టరు గారు సూపరింటెండెంటుకి చెప్పొచ్చారు. వారం తిరక్కుండా అతన్ని తీసేశారు.

అతను గొడవ పెట్టుకోలేదు. వెళ్లేముందు డాక్టరు గారి గదికి వచ్చాడు.

"పట్టీ ఎడమ వైపు బిగువు నిలవడం లేదు సార్. చూసుకుంటూ ఉండండి."

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

ఐదు నెలలు హాయిగా గడిచాయి. ఆగమనే నోరు లేదు కాబట్టి ఎక్కడా ఆగలేదు.

అప్పుడు వచ్చింది టైలరమ్మ. నలభై ఏళ్లుంటాయి. రెండు పక్కలా సైనస్‌లో ఫంగస్, ఎముకని తింటూ కళ్ల వైపు పాకుతోంది. సూదిలో దారం ఎక్కించుకునే చూపు మిగిలితే చాలని చేతులు పట్టుకుంది. ఆ మాత్రానికి భయమెందుకని డాక్టరు గారు నవ్వేశారు.

ముందు కుడి పక్క చేశారు. తెర మీద చుక్క కంటికి దూరంగా, బుద్ధిగా తిరిగింది. నర్సు ఆగమనలేదు. ఆగమనొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మత్తు దిగాక టైలరమ్మ కుడికంటికి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. పట్టీ ఎప్పుడు జారిందో ఎవరికీ తెలియదు.

ఎడమ పక్క ఇంకా మిగిలే ఉంది. వారంలో చెయ్యకపోతే ఆ కన్నూ పోతుంది. చేసేవాళ్లు ఆ ఊళ్లో ఇంకొకరు లేరు. కొత్త పట్టీ తెప్పించారు, నాలుగుసార్లు సరిచూశారు. అయినా డాక్టరు గారు పరికరం చేతిలోకి తీసుకున్నట్టే తీసుకుని మళ్లీ కింద పెట్టేస్తున్నారు. చుక్కని నమ్మబుద్ధి కావడం లేదు, తన కళ్లనీ నమ్మబుద్ధి కావడం లేదు. ఆ టెక్నీషియన్ పక్కన నిలబడి ఆపితే తప్ప తను చెయ్యలేనని ఆయనకి తెలిసిపోయింది. సిగ్గు చంపుకోవడానికి రెండు రోజులు పట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. పాత కాగితాల్లో అడ్రసు వెతికించుకుని ఆదివారం పొద్దున్నే బయల్దేరారు.

మేడ మీద రెండు గదుల వాటా. అతని భార్య తలుపు తీసి, కుర్చీ చూపించింది. డాక్టరు గారు కూర్చోకుండానే తను ఉద్యోగం తీయించిన సంగతి, టైలరమ్మ కన్ను సంగతి, దాచకుండా చెప్పేశారు. ఒక్క పూట అతన్ని పంపమని, కావాలంటే కాళ్లు పట్టుకుంటానని బతిమాలారు.

ఆవిడ అంతా విన్నది.

"ఆయన లేరండీ. గుండెపోటు. నెల దాటింది."

డాక్టరు గారు అప్పుడు కూర్చున్నారు. ఆవిడ మంచినీళ్లు తెచ్చి, బల్ల అంచు తడిమి చూసుకుని గ్లాసు పెట్టింది. టైలరమ్మకి ఇక ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. గ్లాసు అందుకుని, అతను ఈ పని ఎక్కడ నేర్చుకున్నాడని అడిగారు.

"అంతకుముందు గడియారాలు బాగుచేసేవారండీ. షాపు బాగానే నడిచేది. అది అమ్మేసి, ఆ వయసులో మళ్లీ చదువుకుని ఈ మిషన్ పని నేర్చుకున్నారు. వేరే ఊళ్ల ఆసుపత్రులు పిలిచినా వెళ్లలేదు. మీ పక్కనే నిలబడి చెయ్యాలని పట్టుబట్టారు."

"నా పక్కనే ఎందుకమ్మా?"

ఆవిడ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. ఒక కన్ను ఆయన్నే చూస్తోంది. రెండోది ఎటూ చూడటం లేదు.

"మీరు మళ్లీ వార్డుకి రాలేదు కాబట్టి నా మొహం గుర్తుండదు లెండి. పదేళ్ల కిందట, మీ ఆసుపత్రికి ఆ మిషన్ రాకముందు, నాకు ముక్కు ఆపరేషన్ చేసింది మీరేనండీ."